ప్రత్యర్థి వేషం

"యుద్ధానికి వెళ్ళొచ్చినంత మాత్రాన ఎవడూ ఈ దేశపు మనిషి అయిపోడు. జీతమిచ్చాం, పని చేశాడు. అక్కడితో సరి."

హాల్లో ఉన్న అరడజను మందీ నిశ్చేష్టులయ్యారు. బరీటో తింటున్న ఒకాయన నమలడం ఆపేశాడు.

అంత మాటన్నది ఎల్వీరా సెదీయో. కనుబొమల మీదికి జారిపోతున్న పెద్ద కౌబాయ్ టోపీ పెట్టుకుని, మెడలో ఎర్ర టై వేలాడదీసుకుని నిలబడింది. అది ఎదుటి పార్టీ అభ్యర్థి బక్ మెరిడిత్ వేషం. అమెరికా కాంగ్రెసులో సీటు కోసం రేపు సాయంత్రం లాస్ క్రూసెస్ టీవీ స్టేషన్లో మెరిడిత్‌కీ, తమ అభ్యర్థి గ్రేడీ హాలరన్‌కీ ముఖాముఖి చర్చ. గ్రేడీ సర్వేల్లో వెనకబడి ఉన్నాడు. రేపు కూడా తేలిపోతే ఇక ఇంటికే. అందుకే ఎలక్ట్రీషియన్ల యూనియన్ హాల్లో పొద్దుటి నుంచీ ఈ ఉత్తుత్తి చర్చ.

దీనికి ఒకటే కట్టుబాటు. వేషం వేసినవాళ్ళు సొంత కవిత్వం చెప్పకూడదు. నిజంగా అన్న మాటల్నే అప్పజెప్పాలి. లేకపోతే అభ్యర్థి గాలితో కుస్తీ పట్టినట్టే. డెమింగ్ ఊరి నుంచి వచ్చిన లాయరు ఎల్వీరా, ఈ పని నాకివ్వండని తనే అడిగి పుచ్చుకుంది. పొద్దుటి నుంచీ మెరిడిత్ ఉపన్యాసాలన్నీ పొల్లుపోకుండా వినిపిస్తోంది. గ్రేడీ మాత్రం బడిలో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా నీళ్ళు నములుతున్నాడు.

ఈ కొత్త మాటలు ఇంతకుముందు ఎవరూ విన్నవి కావు.

"అబ్బో, ఘాటుగానే ఉంది," అంది ప్రచారం నడిపించే రోండా. చర్చలో ప్రశ్నలు వేసేది కూడా ఆమే. "సరే, తర్వాతి ప్రశ్న వలసల మీద. గ్రీన్‌కార్డుతో మన సైన్యంలో పనిచేసినవాడు తర్వాత చిన్న తప్పు చేస్తే దేశం నుంచి పంపించేయాలా? మెరిడిత్‌గారూ, మీరు చెప్పండి."

ఎల్వీరా తడుముకోలేదు. "గ్రీన్‌కార్డంటే చుట్టానికి వేసిన కుర్చీ. ఇంటివాళ్ళు లేవమంటే లేవాలి. పతకాలు చూపించి కూర్చుంటానంటే కుదరదు."

"అతనికి లాయరు కూడా లేకపోతే?"

"అది అతని కర్మ. హక్కుల పాఠం చెప్పడానికి నేనిక్కడ లేను. తల్లి ఏడుస్తోందంటారా? కొడుకుని సరిగ్గా పెంచాల్సింది."

"ఛీ!" అన్నారెవరో వెనక నుంచి.

గ్రేడీ ముఖం జేవురించింది. పద్నాలుగేళ్ళు వలసదారుల కేసులు తేల్చే కోర్టులో జడ్జీగా చేసి రాజకీయాల్లోకి వచ్చిన మనిషి. ఎవరైనా ఎంత రెచ్చగొట్టినా గొంతు పెంచడని పేరు. అలాంటివాడు ముందున్న కాగితాలు పక్కకి తోసేశాడు.

"మెరిడిత్! ఆ కుర్రాడు మన జెండా కింద తుపాకీ పట్టుకు నిలబడ్డప్పుడు నీ కార్డు రంగేమిటని అడిగావా? అడగలేదే! బాంబు పేలి చెవులు పోగొట్టుకుని వచ్చాక అడుగుతావా? వాడి పక్షాన మాట్లాడే మనిషి ఒక్కడు లేకుండా నిలబెట్టి, తల్లిని కూడా తిడతావా? నేను గెలిస్తే ఈ దేశం కోసం పోరాడినవాడెవడూ పరాయివాడు కాడు. లాయరు లేకుండా ఎవడూ కోర్టు మెట్లెక్కడు. ఇది నా మాట!"

హాలంతా చప్పట్లు. రోండా కుర్చీలోంచి లేచి నిలబడింది. నెలల తరబడి ఎక్కడో పడేసుకున్న గొంతు ఇప్పుడు దొరికిందనిపించి, గ్రేడీకి నిజంగానే కళ్ళు చెమర్చాయి.

"ఇదీ! రేపు ఇదే కావాలి!" అంది రోండా.

"ఇంతకన్నా బాగా చెప్తాను చూడు," గ్రేడీ నీళ్ళు తాగి ఎల్వీరా వైపు తిరిగాడు. "నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదమ్మా. ఒక సిపాయిని ఎదురుగా పెట్టుకుని ఎవడైనా అలా అంటాడా? నోరెలా వచ్చింది?"

"నాకూ అదే అనిపించిందండీ, విన్నప్పుడు," అంది ఎల్వీరా.

"నువ్వు స్వయంగా విన్నావా?"

"అక్కడే ఉన్నాను. వెనక బల్ల మీద."

"ఇంకేం! రేపు నిన్ను మొదటి వరసలో కూర్చోబెడతాను. అందరి ముందూ లేచి చెప్తావా?"

"చెప్తాను. కానీ ముందు మీరొకటి చెప్పండి. అలా అన్న మనిషికి ఓటెయ్యొచ్చంటారా?"

"ఓటా? ఓటు సంగతి దేవుడెరుగు, ఊళ్ళో కుక్కల్ని పట్టే ఉద్యోగం కూడా ఇవ్వకూడదు," అన్నాడు గ్రేడీ. ఎవరో నవ్వారు. "ఇంతకీ బక్ ఎక్కడన్నాడు? ఏ సభలో?"

ఎల్వీరా టోపీ తీసి బల్ల మీద పెట్టింది. టై ముడి విప్పింది.

"మెరిడిత్ ఎక్కడా అనలేదండీ."

రోండా ముఖం మాడిపోయింది. "అదేంటమ్మాయ్! కల్పించి చెప్పకూడదని నీకు తెలీదా? రేపు ఈయన అక్కడ ఆ మాట ఎత్తితే పరువు గంగలో కలిసేది!"

"ఒక్క ముక్క కూడా కల్పించలేదు. తల్లి గురించి అన్నదానితో సహా."

"మరి ఎవరన్నారు?" అన్నాడు గ్రేడీ. ఆయన గొంతులో ఇందాకటి కోపం అలాగే ఉంది.

ఎల్వీరా ఆయన కళ్ళలోకి చూసింది.

"మీరే, మా తమ్ముణ్ణి దేశం దాటించమని తీర్పిచ్చిన రోజు."