ఎనిమిదో అడుగు

గోడౌన్ గుమ్మానికీ లారీకీ మధ్య నిలువులోతు మురుగుకాలువ. దాని మీద ఒక చెక్క పలక. బస్తాలన్నీ ఆ పలక మీదుగానే దిగాలి.

ఈ ఏడాది బస్తాలతోపాటు ఇద్దరు మనుషులు కూడా దిగారు, కాలువలోకి. ఒకడికి నడుం పోయింది. ఒకడికి మోకాలు.

గడియారం మాత్రం ఎన్నడూ పడలేదు. బస్తా మెడమీద పడితే చాలు, టకటకమని ఒకే తీరు నడక. అందుకే హమాలీలు ఆ పేరు పెట్టారు. పైకే లెక్కపెడతాడు. ఎనిమిది అడుగులు, ఎడమకు తిరుగుడు, దబ్బున బస్తా కిందకి.

"కాలువ నిండా మొసళ్లున్నా సరే, వాటి వీపుల మీద నడిచి లారీ ఖాళీ చేస్తా!" అనేవాడు.

"మొసళ్ల సంగతి సరే బావా, పలక బీటలిచ్చింది. మార్పిద్దాం" అన్నాడు అదే ముఠాలో ఉన్న బామ్మర్ది. "నువ్వు పడ్డావంటే మా అక్క నన్ను నమిలి మింగేస్తుంది."

"దాన్ని ముట్టుకున్నావంటే కాళ్లిరగ్గొడతా. నా కాలికి అలవాటైన పలకరా అది!"

మొండిఘటం, అనుకున్నాడు బామ్మర్ది. ఓనరు ప్రాణం తోడేసి మరీ కొత్త పలక తెప్పించాడు. పాతదానికి రెండింతల మందం, రెట్టింపు వెడల్పు, రెండు మూరల పొడుగు ఎక్కువ. పొడుగుంది కదా అని డ్రైవరు లారీని గుమ్మానికి కాస్త దూరంగా ఆపాడు.

ఆ ఉదయం గడియారం మొదటి బస్తా ఎత్తుకున్నాడు. పలక మీద కాలు పెట్టి ఆగిపోయాడు.

"ఊగట్లేదేంట్రా?"

బామ్మర్ది పకపకా నవ్వాడు. "చూస్తున్నావుగా బావా!"

వెనక నలుగురు బస్తాలతో నిలబడి ఉన్నారు.

"ఆఁ... చూస్తున్నాలే" అన్నాడు.

ఒకటి. రెండు. మూడు. గొంతు ఎప్పటిలాగే ఖంగుమంటోంది. ఏడు. ఎనిమిది.

ఎడమకు తిరిగాడు.

పలక ఇంకా రెండడుగులు మిగిలే ఉంది.

ముందు మనిషి పడ్డాడు. మనిషి మీద బస్తా పడింది.

ఆస్పత్రిలో బామ్మర్ది తల బాదుకున్నాడు. "మంచం అంత వెడల్పు పలక డాక్టరుగారూ! దాని మీంచి ఎట్లా పడ్డాడో!"

స్పృహలేని గడియారం రెప్పలెత్తి టార్చి వేసి చూస్తున్న డాక్టరు, ఆ మాటకి తల తిప్పి, "ఈయనకి రెండు కళ్లూ కనపడక ఎన్నేళ్లయిందయ్యా?" అని అడిగాడు.