కాలం పూసిన నలుపు

నాణెం మీది నలుపు చెక్కుచెదరకుండా ఉంటేనే కొంటానని పాత నాణేలు సేకరించే ఓ పెద్దాయన ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తోమినా, తుడిచినా బేరం లేనట్టే. నెలన్నర తర్వాత స్వయంగా వచ్చి చూస్తానన్నాడు.

కండక్టరు తేలిగ్గా నవ్వాడు. రిటైరై ఏళ్లయినా వీధిలో అందరికీ ఆయన కండక్టరే. సర్వీసులో ఉండగా ఎవరో చిల్లరలో కలిపి ఇచ్చిన వెండి నాణెం అది. తన జేబులోంచి అంత చిల్లర సంచిలో వేసి, దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. అచ్చు రెండుసార్లు పడటంతో అందులో రాజుగారికి రెండు ముక్కులున్నాయి. టంకశాలలో ఎవడి నిద్రమత్తో గానీ, అలాంటివి లోకంలో పట్టుమని నాలుగు లేవట.

కింది వాటాలో వెండి కొట్టాయన దాన్ని తూచి, రెండు పూటల కూరగాయలకి వస్తుందన్నాడు. పెద్దాయన ఇస్తానన్న డబ్బుతో మాత్రం వాళ్లు అద్దెకుంటున్న రెండు గదులూ సొంతమైపోతాయి. కొంటారా, ఖాళీ చేస్తారా అని ఇంటి ఓనరు అప్పటికే పీకల మీద కూర్చున్నాడు.

కడిగితే కూరగాయలు, కడక్కపోతే ఇల్లు. అదీ లెక్క.

చిక్కల్లా ఆయన భార్యతోనే. ఆవిడ సబ్బుని కూడా ఓసారి కడిగి గానీ వాడదు. చెయ్యి కడుక్కుని, ఆ చెయ్యి తగిలినందుకు కుళాయిని కడిగి, కుళాయిని ముట్టుకున్నందుకు మళ్లీ చెయ్యి కడుక్కుంటుంది. ఎక్కడ పట్టుకుని స్నానం చేయించేస్తుందోనని పక్కింటి పిల్లి ఆ గుమ్మం ముందు ఆగటం మానేసింది. అలాంటి మనిషితో కాపురం చేస్తూ ఇన్నేళ్లు ఒక మురికి నాణేన్ని కాపాడుకున్నాడంటే కండక్టరుకి చేతులెత్తి మొక్కాలి. అరకి తాళం వేసి తాళంచెవి దిండు కింద పెట్టుకునేవాడు. దాని జోలికొస్తే నీ దారి నీది, నా దారి నాది అని అప్పుడప్పుడూ గుర్తుచేసేవాడు. ఆవిడ మూతి ముడుచుకుని పోయి నేల తుడిచేది.

ఇంతలో ఆయన కంటికి ఆపరేషన్ పడింది. ఆపరేషన్ గదిలోకి తాళంచెవులూ గీళంచెవులూ తేకూడదన్నారు. గత్యంతరం లేక భార్య చేతిలో పెట్టాడు.

"జాగ్రత్త. ఇల్లు నీ చేతిలో పెడుతున్నా."

ఆవిడ తలూపింది.

నెల్లాళ్లు నల్లద్దాలు తియ్యొద్దు, భూతద్దం ముట్టుకోవద్దు అన్నాడు డాక్టరు. ఆ నెల్లాళ్లూ ఆవిడ చేసిన సేవ ఇంకొకరు చెయ్యలేరు. వేళకి చుక్కల మందు వేసేది. పూటపూటా కోడిగుడ్లు ఉడకబెట్టి పెట్టేది. కంటికి మంచిదట. వారం తిరిగేసరికి ఇల్లంతా గుడ్ల కంపు. ఆయన మొదట మొహం చిట్లించాడు, తర్వాత బతిమాలాడు, ఆఖరికి పళ్లెం చప్పుడు వింటేనే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ విననే లేదు.

అద్దాలు తీసిన రోజు ఆయన కంట ముందు పడింది ఆవిడ వేలికున్న వెండి ఉంగరం. బొగ్గులా నల్లబడి ఉంది. తోముకోలేదేమని అడిగితే, మీ కళ్ల దిగులులో ఉంగరం ఎవరికి గుర్తుంటుంది అంది. కండక్టరు కరిగిపోయాడు. తన కోసం ఈ మనిషి తోమటమే మరిచిపోయిందంటే ఇంకేం కావాలి?

తర్వాత అర తెరిచి నాణెం చూశాడు. చూసి అక్కడే కూలబడ్డాడు. నలుపులో నీలం ఉంది, ఊదా ఉంది, అంచున పసిడి రంగు కూడా ఉంది. ఇన్నేళ్లూ ఇంత అందం తన పాడు కళ్లకి ఆననే లేదు. అప్పటికప్పుడు డాక్టరుకి ఫోన్ చేసి మీరు దేవుడండీ అన్నాడు. డాక్టరు కాదనలేదు.

పెద్దాయన అన్న రోజుకి వచ్చాడు. తెల్లటి తొడుగులు వేసుకుని, నాణేన్ని దీపం కింద పెట్టి తిప్పి తిప్పి చూశాడు. రాజుగారి రెండు ముక్కులూ విడివిడిగా పరీక్షించాడు. భార్య వంటింటి గుమ్మంలో ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని, ఉంగరమున్న చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడింది.

ఉన్నట్టుండి పెద్దాయన నాణేన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. గుమ్మంలో టీ కప్పు భళ్లుమంది.

"గంధకం," అన్నాడాయన కళ్లు మూసుకుని. "తరాలపాటు మట్టిలో ఉంటే గానీ ఈ వాసన రాదండీ. ఈ నలుపు మనుషుల వల్ల కాదు. కాలమొక్కటే పూయగలదు."

చెక్కు రాసిచ్చి, నాణేన్ని దూదిలో చుట్టుకుని, మెట్లు చూసుకుంటూ దిగి వెళ్లిపోయాడు.

కండక్టరు కాసేపు ఏడ్చాడు. కాసేపు గోడలు తడుముకున్నాడు. ఆ తర్వాత భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"జన్మలో నువ్వు కడక్కుండా వదిలేసింది అదొక్కటే. అందుకే మనకి ఇల్లు మిగిలింది. ఇల్లు నీ పేరునే రాయిస్తా."

ఆవిడ తల దించుకుంది.

"రేపట్నుంచి గుడ్లు ఉడకబెట్టనులెండి," అంది.

వెండి కొట్టాయనకి కబురు చెప్పటానికి ఆయన కిందికి దిగగానే ఆవిడ, ఆపరేషన్ రోజు మనసు ఆగక తళతళా తోమేసిన నాణేన్ని చిదిపిన గుడ్ల మధ్య పెట్టి మళ్లీ నల్లబడేదాకా నెల్లాళ్లు మగ్గబెట్టిన మూత డబ్బాని పొయ్యి వెనక నుంచి తీసి, కరువుతీరా తోముకుంది.