సగం గడ్డం

"అయిపోయింది సార్," అంటూ సెలూనాయన కత్తి దించాడు. అతన్ని పరీక్షించడానికి ఇంటికొచ్చి గడ్డం గీయించుకుంటున్న థెరపిస్టుకు ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ అలాగే ఉంది.

"సగం గడ్డానికే అయిపోయిందా, మొద్దు మొహమా!" సెలూనాయనకి ఎడమపక్క నిలబడ్డ అతని భార్య నెత్తి కొట్టుకుంది. అతను తిరిగి చూడలేదు.

"చూశారా?" అంది ఆమె థెరపిస్టుతో. "తలకి దెబ్బ తగిలి, ఆసుపత్రి నుంచి వచ్చి నెలైంది. కంచంలో సగం వదిలేస్తాడు. పిలిస్తే పలకడు. నా వంటా నచ్చదు, నేనూ నచ్చను."

"నచ్చక కాదమ్మా," అన్నాడు థెరపిస్టు. " కళ్ళు బానే ఉన్నాయి. ఎడమవైపు ఒకటుందని ఆయన మెదడే మర్చిపోయింది. మీరు రోజూ ఎటు కూర్చుంటారు?"

"ఎడమపక్కనే... పెళ్లినాటి నుంచీ."

ఆమె మెల్లగా చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చింది. అతను ఉలిక్కిపడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నెల్రోజులుగా ఎక్కడ చచ్చావే? ఇంట్లో ఎవతో ఒకటే అరుపులు!"