తెల్ల మచ్చ

"మామయ్యగారూ, ఒక్క నిమిషం. ఆ డ్రిల్లు ఆపండి."

చిన్న డాక్టరు గొంతు కాస్త గట్టిగానే వినబడింది. కుర్చీలో కళ్ళు మూసుకుని నోరు తెరిచి పడుకున్న అమ్మాయి కళ్ళు కూడా తెరిచింది. పెద్ద డాక్టరు చేతిలో డ్రిల్లు సన్నగా రొద చేసి ఆగిపోయింది. ఆ పళ్ళాసుపత్రి ఆయన పెట్టిందే. పేషెంటు ముందు ఆయన చెయ్యి ఆపినవాళ్ళు ఇంతవరకు లేరు. ఆపింది చూస్తే సొంత కోడలు.

"ఏమైందమ్మా?" అన్నాడాయన మాస్కు కిందికి లాగి.

"అక్కడ ఇంకా మచ్చేనండీ. పైపొర నిలిచే ఉంది, గుంట పడలేదు."

"పడేదాకా చూస్తూ కూర్చుందామా?"

"పేస్టు వాడిద్దాం. పంటి పైపొరలోంచి పోయిన కాల్షియం, ఫాస్ఫేటు మళ్ళీ అందులోకి చేర్చే పేస్టులున్నాయి కదా. డ్రిల్లు పెడితే దానితోపాటు మంచి పన్ను కూడా పోతుంది. అది ఇక తిరిగి రాదు."

పెద్ద డాక్టరు నవ్వాడు. "పేస్టుతో పన్ను మొలిపిస్తానంటావు."

"అంత మాట అననండీ. గుంట పడ్డాక ఏ పేస్టూ పూడ్చలేదు. పడకముందే అంటున్నాను."

కుర్చీలో అమ్మాయి లేచి కూర్చుంది. ఆమె బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో పొద్దుటినుంచి సాయంత్రం దాకా మైకులో చెబుతుంది. గొంతు ఆరిపోకుండా బుగ్గన ఎప్పుడూ ఒక తీపి బిళ్ళ ఉండాల్సిందే. ఆ బిళ్ళ ఆనే చోటే, కోరపన్ను మీద, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి మచ్చ.

"మీరిద్దరూ తేల్చుకునేలోపు నా బస్సులన్నీ వెళ్ళిపోయేలా ఉన్నాయి," అందామె. "డ్రిల్లు లేకుండా అయ్యే పనైతే నాకు అదే చెయ్యండి."

"బిళ్ళలు మానెయ్యాలి మరి," అంది కోడలు. "రాత్రి తోముకున్నాక ఈ పేస్టు రాసుకుని, పుక్కిలించకుండా పడుకోవాలి."

"మానేస్తాను. మైకు పక్కన నీళ్ళ సీసా పెట్టుకుంటాను."

పెద్ద డాక్టరు గ్లవుజులు విప్పేశాడు. "సరేనమ్మా. కానీ ఒక మాట. అక్కడ గుంట పడిందో, ఇక ఈ గదిలో నా చేతికి అడ్డం రాకూడదు."

"రాను," అనేసింది కోడలు.

నాలుగు నెలలు ఆమెకు ఆ పన్ను తప్ప వేరే ధ్యాస లేదు. బస్టాండు మీదుగా వెళ్ళినప్పుడల్లా ఆగి స్పీకరులో గొంతు వినేది, మాటకు బిళ్ళ అడ్డం పడుతోందేమోనని. భోజనం దగ్గర తన నోటికేసే చూస్తోందని భర్త విసుక్కున్నాడు. "నావి బాగానే ఉన్నాయి తల్లీ, నన్ను తిననివ్వు."

అనౌన్సరు మళ్ళీ వచ్చిన రోజు అత్తగారు కూడా రిసెప్షను బల్ల వదిలి గుమ్మంలోకి వచ్చేసింది. కోడలు పంటి మీద తడిని దూదితో అద్ది, గాలి ఊదింది. బాగా ఆరితేనే ఆ మచ్చ నిజంగా బయటపడుతుంది. లైటు దగ్గరికి లాగి చూసింది. అద్దం తిప్పి మళ్ళీ చూసింది.

"మామయ్యగారూ, ఒకసారి రండి."

ఆయన వంగి చూశాడు. సుద్దలా ఉన్న చోటు నిగనిగలాడుతోంది. ఒక అంచున మాత్రం లీలగా నీడ మిగిలింది. పరికరాన్ని నొక్కకుండా పక్కవాటుగా పంటి మీద నడిపాడు. గాజు మీద జారినట్టు జారింది.

"గట్టిపడింది," అన్నాడు.

అనౌన్సరు కుర్చీ దిగి, మైకులో మాట్లాడే గొంతు తెచ్చుకుంది. "ప్రయాణికులకు గమనిక. కోరపన్ను మీద ఆగి ఉన్న మచ్చ ఇప్పుడే బయలుదేరి వెళ్ళిపోయింది."

అత్తగారు పడీ పడీ నవ్వింది. కోడలికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. మామగారి ముఖం చూసి ఆగిపోయింది. ఆయన నవ్వలేదు.

అనౌన్సరు వెళ్ళగానే ఆయన భార్యను ముందుగదిలోకి పంపి, లోపలినుంచి గడియ పెట్టాడు. తెల్లకోటు విప్పి మేకుకు తగిలించాడు. ఇక ప్రాక్టీసు చాలిస్తానంటాడా ఏమిటని కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆ రోజు పేషెంటు ముందు మిమ్మల్ని అలా ఆపి ఉండకూడదు. తప్పయిపోయింది మామయ్యగారూ..."

ఆయన వినిపించుకోలేదు. వెళ్ళి పేషెంటు కుర్చీలో పడుకున్నాడు. లైటు తనమీదికి లాక్కున్నాడు. నోరు తెరిచి కింది వరసలో ఒక పన్ను వేలితో చూపించాడు.

"ఇక్కడా అలాంటి మచ్చే ఉంది, ఆ పేస్టేదో నాకూ రాసిపెట్టు," అన్నాడు గొంతు బాగా తగ్గించి. "మీ అత్తయ్యతో అనకేం, నాకు డ్రిల్లంటే చచ్చేంత భయం."