ముందు నేను

“చస్తే చస్త గని, గా పైపు మింగనే మింగ!” కవిత ఆసుపత్రి వరండా స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుంది. కోరుట్ల బస్సులో కక్కిన నెత్తురు ఆమె కొంగున ఇంకా ఆరలేదు.

“గట్లనకు బిడ్డా! కడుపుల నెత్తురు ఏడికెళ్లి వస్తుందో గా పైపుతోని చూసి, ఆడ్నే ఆపుతరట,” అంది పోశవ్వ. మాట బతిమాలుతోంది.

బీడీలు చుట్టీ చుట్టీ కవితకు మెడ లాగితే ఒక నొప్పి గోళీ, నడుము లాగితే ఒక గోళీ. పరగడుపున మింగిన ఆ గోళీలే కడుపులో పుండు చేసి ఉంటాయని డాక్టరు పొద్దున్నే చెప్పాడు.

గదిలోంచి ప్రభుదాసు తల బయటికి పెట్టాడు. పైపు కడిగేదీ, రోగుల్ని పిలిచేదీ అతనే.

“కవితా! మూడోసారి పిలుస్తున్న. ఉన్నది ఒక్క పైపు, సారు వచ్చేది వారానికొక్కనాడు. జల్ది తేల్చుకోండ్రి.”

“నువ్వు మింగుతవా అవ్వా? చెప్పుడు అల్కగనే ఉంటది!” కవిత తల్లిని కసిరింది.

చిన్ననాడు కవితకు వేపరసం పట్టాలంటే, ముందు పోశవ్వే గుక్కెడు తాగి నాలుక చాపి చూపించేది. అప్పుడు గానీ ఆ పిల్ల నోరు తెరిచేది కాదు.

పోశవ్వ విసవిసా గదిలోకి నడిచింది.

“సారూ, నా బిడ్డ రానంటుంది. నాకు జెయ్యుండ్రి. నిన్న నేను గూడ నెత్తురు కక్కిన.”

“నువ్వా? పొద్దున చెప్పలేదేం?” అన్నాడు డాక్టరు.

“బిడ్డ బుగులువడ్తదని దాసిన సారు.”

“ఏమన్నా తిన్నావా?”

“బిడ్డ తినంది నాకు ముద్ద దిగుతదా?”

తన గురించి ఆమె చెప్పినవాటిలో అదొక్కటే నిజం.

ప్రభుదాసు ఏదో అనబోయాడు. స్తంభాన్ని వదలని కవితను చూసి ఊరుకున్నాడు.

తలుపు తెర తీసే ఉంచమంది పోశవ్వ. నల్లటి పైపు గొంతు దాటింది. పేగు పేగునూ ఎవరో పట్టి మెలిపెట్టినట్టయింది. కళ్లు కారాయి, ముక్కు కారింది. చూపు మాత్రం కూతురి మీదినుంచి కదల్లేదు. మూలగలేదు. చేయి విదల్చలేదు.

“కడుపు శుభ్రంగా ఉంది గదవ్వా, నెత్తురెక్కడిది?” డాక్టరు పైపు బయటికి తీసి, విసుగ్గా చేతి తొడుగులు విప్పాడు.

పోశవ్వ మూతి తుడుచుకుని, కూతురికి నాలుక చాపి చూపించింది. “చూసినవా? చీమ కుట్టినంత గూడ లేదు!”

కవిత చేతులు స్తంభాన్ని వదిలాయి. అడుగులో అడుగేస్తూ వచ్చింది. బల్ల మీద పక్కకు తిరిగి పడుకుంది. తనంత తానే నోరు తెరిచింది.

ప్రభుదాసు పైపు కడిగే మందు డబ్బాను తలకిందులు చేశాడు. ఒక్క చుక్క రాలలేదు.

“కడగకుండ ఇంకొకరికి వెయ్యరాదవ్వా. ఉన్న మందంత పోసి, పొద్దుగాల నీ బిడ్డ కోసమే కడిగిపెట్టిన.”