పులిహోరలో ఉప్పు

శుక్రవారం నైవేద్యానికి పులిహోర కలుపుతూ వకుళమ్మ చెయ్యి ఆపేసింది. చింతపండు గుజ్జులో ఉప్పు వేసిందా, లేదా? దేవుడికి పెట్టకముందు రుచి చూడకూడదు.

అందరిలాగే ఆమె చెవిలోనూ గుర్తుపూస ఉంది. అడిగితే చాలు, పొద్దుటి నుంచి ఏం చేసిందో చెబుతుంది. పక్షవాతం వచ్చి తగ్గాక, ఏడాదిగా ఆమె ప్రతిదీ దాన్నే అడుగుతోంది. స్నానం చేశానా అని కూడా. "రోజుకి ఒక్కటైనా అడక్కుండా చెయ్యండి" అన్నాడు డాక్టరు.

"చెప్పమంటారా?" అంది పూస.

"అడిగెయ్యండి అత్తయ్యా. ఉప్పు లేకపోతే మీ స్వామి పస్తుంటాడు" అంది కోడలు హిమజ గుమ్మంలోంచి.

"వద్దమ్మా."

వకుళమ్మ పూస తీసి గూట్లో పెట్టి కళ్లు మూసుకుంది. తడిచేత్తో రాళ్లుప్పు తీయడం, రెండు పలుకులు చేతి గాజుకి అంటుకుంటే దులుపుకోవడం గుర్తొచ్చాయి. కానీ అది ఇవాళా, పోయిన శుక్రవారమా? స్వామి మీద ఉన్న నమ్మకంలో పిసరంతైనా తన మీద తనకి ఉండకూడదా?

"ఇవాళే" అని పైకి అని, పళ్లెం స్వామి ముందుకు జరిపింది.

హారతి అయ్యాక హిమజ తిని, "బాగుంది అత్తయ్యా" అంది. జాలిపడి అంటోందేమోనని వకుళమ్మ తనే ఓ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు నాలుకకి తగిలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఉప్పు వేశాను అమ్మాయ్!"

"మీరు వెయ్యక ఇంకెవరు వేస్తారు?" అంటూ హిమజ మళ్లీ వడ్డించుకుంది.