స్విచ్ లేని గది

లైటు మళ్లీ ఆరిపోయింది.

ఆమె విసుగ్గా లేచి చెయ్యి ఊపింది. వెలిగింది. పొద్దుటి నుంచి ఇది ఏడోసారి.

"మీకేం, హాయిగా దిండ్లకు ఆనుకుని ఉన్నారు. అరిగేది నా మోకాళ్లు," అంది భర్తతో.

ఆయన కిటికీ వైపే చూస్తున్నారు. అక్కడ చూడటానికేమీ లేదు. ఎండాకాలం ఎనిమిదింటికల్లా బయటి షట్టర్లు వాటంతటవే దిగిపోతాయి, పొద్దు వాలాకే లేస్తాయి. రెండు అద్దాల కిటికీ, బోలు ఇటుకల గోడలు, తెల్లటి పైకప్పు. బయట రోడ్డు పెనంలా కాలుతున్నా లోపల చల్లగానే ఉంటుంది. పక్కింటి కుక్క అరిచినా వినబడదు. ఆ నిశ్శబ్దమే ఆమెను కుదురుగా కూర్చోనివ్వదు. మడతపెట్టిన బట్టలే విప్పి, అలిసి చతికిలబడేదాకా మళ్లీ మడతపెడుతోంది.

ఇల్లంతా ఆయన బుర్రలోంచి వచ్చిందే. ఎందరికో ఇలాంటి ఇళ్లు కట్టించిన ఇంజనీరు. తమ ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఇంకో అడుగు ముందుకేసి, పడకగదిలో అసలు స్విచ్చే పెట్టించలేదు. పైకప్పులో చొక్కా బొత్తామంత కన్ను ఒకటి ఉంటుంది. మనిషి కదిలితే లైటు వెలిగిస్తుంది. పది నిమిషాలు కదలిక లేకపోతే గది ఖాళీ అనుకుని ఆర్పేస్తుంది.

"పుస్తకం చదువుకోవాలన్నా నాట్యం చెయ్యాలా?" అని ఆమె మొదటి రోజే దెబ్బలాడింది.

"నువ్వు ఆర్పడం మరిచిన ప్రతి లైటుకీ ఎక్కడో బొగ్గు కాలుతుంది. ఆ పొగ మన గుమ్మం దాకా రాకపోతే లేనట్టు కాదు."

"మరిచేది నేనా? బాత్‌రూమ్ లైటు పగలంతా వెలగనిచ్చేదెవరో?"

ఆయన నవ్వేశారు. "అందుకే ఇద్దర్నీ నమ్మొద్దు. దాన్నే నమ్ముదాం."

పదకొండింటికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పదిహేనేళ్లు ఆయన దగ్గర పనిచేసినవాడు. ఆయన్ని సార్ అని, ఆమెను అక్కా అని పిలుస్తాడు. "ఆమె అక్కయితే నేను బావనవ్వాలి కదరా" అని ఆయన ఎన్నిసార్లు ఏడిపించినా వరస మార్చలేదు.

"నమస్తే సార్," అన్నాడు గుమ్మంలోనే ఆగి.

ఆయన చూపు కిటికీ మీదే ఉంది.

అతను ఆమె వైపు తిరిగాడు. "ఇక్కడ ఒక స్విచ్ పెట్టేస్తానక్కా. అరగంట పని. రోజంతా ఇలా లేస్తూ కూర్చుంటూ ఉంటే మీరు మంచం పడతారు."

"ఆయన్నే అడుగు. ఆయన గోడ."

అతను అడగలేదు. తలెత్తి పైకప్పు వైపు చూశాడు. "దాని తప్పేం లేదక్కా. గాలికీ తెరకీ వెలగదు. వెచ్చటి ఒళ్లు కదిలితేనే..." అని ఆగాడు. "మూడింటికి సామాను తెస్తాను. ఇంకెన్నాళ్లని?"

ఆమె వద్దనబోయింది. మోకాళ్లు గుర్తొచ్చాయి.

"సరే, తీసుకురా."

అతను వెళ్లాక మంచం పక్కన నిలబడింది.

"విన్నారుగా. మూడింటి దాకా గడువు. ఒక్కసారి చెయ్యి ఊపండి, వాణ్ని గుమ్మంలోంచే తిప్పి పంపేస్తాను. లేదా, ముచ్చటపడి కట్టించుకున్న గోడకు చిల్లు పడుతుంది. తర్వాత నన్నని లాభం లేదు."

పన్నెండింటికి లైటు ఆరింది. అలవాటు కొద్దీ లేచింది. ఒంటిగంటకు ఆరింది. లేచింది. ఆ తర్వాత ఎన్నిసార్లు లేచిందో ఆమెకే తెలియదు. లేచిన ప్రతిసారీ తన మీద తనకే కోపం వచ్చింది.

రెండున్నరకు కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఈసారి నేను లేవను. మీ వంతు."

పది నిమిషాలు గడిచాయి. లైటు ఆరిపోయింది.

కాళ్లు లేవమని పీకుతున్నాయి. బిగబట్టుకుంది. బల్ల మీద ఫోను మోగింది. ఎలక్ట్రీషియనే అయ్యుంటాడు, బయలుదేరానని చెప్పడానికి. చెయ్యి చాచితే కదిలినట్టే. చాచలేదు. ఫోను మోగి మోగి ఊరుకుంది.

"ఏమండీ," అంది మెల్లగా. "చీకటిగా ఉంది."

ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి, కాళ్లు నేల మీదే ఉన్నాయి, అయినా పరంజా మీద నుంచి పడిననాటి నుంచి నూట పన్నెండు రోజులుగా చిటికెన వేలైనా కదపని మనిషి ఉన్న ఆ గదిలో లైటు వెలిగింది.